సిల్క్ స్మిత: పాటలు కాకుండా ఇంకేం చూడాలి?

మానస (ఏలూరు):
మాది కొవ్వలికి దగ్గరే. సిల్క్ స్మితది ఆ ఊరేనని, అసలు పేరు వడ్లపాటి విజయలక్ష్మి అని ఈ మధ్యే తెలిసింది. ఇంట్లో ఆమె పేరెత్తితే పెద్దవాళ్లు మాట మార్చేస్తున్నారు. నెట్‌లో వెతికితే పాటలు, లేదంటే ఆమె చావు మీద వీడియోలు. అంత పేరొచ్చాక ఆమె జీవితం ఎలా గడిచింది? నటిగా చూడాలంటే ఏ సినిమా చూడాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పద్మజ (చెన్నై):
మానసా, మా పిన్ని మద్రాసులో సినిమా స్టూడియోలుండే కోడంబాక్కంలో చాలా ఏళ్లు టచప్ పని చేసింది. స్మిత మొదలైందీ ఆ పనితోనే. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది, చిన్న వయసులోనే పెళ్లి చేశారు, ఆ ఇంట్లో ఉండలేక మద్రాసు వచ్చేసింది.

టచప్ అంటే ఏంటో చెప్తాను. ఒక చేతిలో అద్దం, ఇంకో చేతిలో పఫ్. లైట్ల వేడికి హీరోయిన్ ముఖాన చెమట పడితే పరుగున వెళ్లి, రుద్దకుండా అద్ది, కెమెరా తిరిగేలోపు తప్పుకోవాలి. నీడ పడినా తిట్లే. పిన్ని షూటింగ్ అయ్యేదాకా మంచినీళ్లు కూడా భయపడుతూ తాగేదట, సరిగ్గా అప్పుడే పిలుస్తారేమోనని.

తమిళ నటుడు, రచయిత వినుచక్రవర్తి ఆమెకి 1980లో 'వండిచక్రం' అనే తమిళ సినిమాలో సారా అమ్మే అమ్మాయి వేషం ఇప్పించారు. పాత్ర పేరు సిల్క్. సినిమా ఆడింది, ఆ పేరు ఆమెకి అతుక్కుపోయింది.

అసలు అన్యాయం ఆ తర్వాతే జరిగింది. అమ్ముడుపోక డబ్బాల్లో మూలుగుతున్న సినిమాలకి ఆమె పాట ఒకటి కలిపితే చాలు, సినిమాలు కొని రిలీజ్ చేసే బయ్యర్లు తీసుకునేవాళ్లు. పాటకి కాల్షీట్లు, అంటే షూటింగ్‌కి ఇవ్వాల్సిన రోజులు, తక్కువ, గిరాకీ ఎక్కువ. అలా దక్షిణాది భాషలన్నిటిలో కలిపి నాలుగు వందలకి పైగా సినిమాలు చేసిందంటారు. కథతో పనిలేదు: వచ్చి, ఆడి, వెళ్లిపోవడమే. సావిత్రి, సుజాతల్లా క్యారెక్టర్ నటి కావాలనుకున్నానని ఆమే ఇంటర్వ్యూలో చెప్పింది. వినేదెవరు? పాట అమ్ముడుపోతుంటే పాత్ర ఇచ్చి రిస్క్ తీసుకునేదెవరు?

తర్వాత ఆ డాన్సులు హీరోయిన్లే చేయడం మొదలైంది. ఆమె సొంతంగా సినిమాలు తీసి నష్టపోయింది. 1996 సెప్టెంబర్ 23న పోయేనాటికి నిండా 36 ఏళ్లు లేవు. 'అలాంటి వేషాలేస్తే అంతే' అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పాట కోసం టికెట్లు కొన్నవాళ్లకి రాని చెడ్డపేరు ఆమెకే ఎందుకు?

నువ్వు ముందు 'సీతాకోకచిలుక' (1981) చూడు. భారతీరాజా తీశారు. అందులో శరత్‌బాబుకి భార్యగా చేసింది, అంటే హీరోయిన్‌కి వదిన. డాన్సు కోసం పెట్టిన వేషం కాదు, కథలో మనిషి. ఆ కళ్లని క్లోజప్‌లో వాడుకున్న తీరు చూడు.

రమేష్ (కొచ్చి):
పద్మజ గారు బాగా చెప్పారు. నేను ఉద్యోగరీత్యా కేరళలో ఉంటాను. ఇక్కడివాళ్లు ఆమె గురించి గుసగుసగా మాట్లాడరు. 1995లో వచ్చిన మలయాళ సినిమా 'స్ఫటికం' 2023లో మళ్లీ రిలీజైంది. అందులో మోహన్‌లాల్‌తో ఆమె చేసిన 'ఏళిమల పూంచోల' పాట ఇక్కడ అందరికీ కంఠతా వచ్చు. ఇక ఆమె కథతో ప్రేరణ పొందిందని చెప్పే హిందీ సినిమా 'ది డర్టీ పిక్చర్' చూసి అదే ఆమె జీవితం అనుకోకండి. అది కల్పన.

మానస:
చాలా థ్యాంక్స్ అక్కా, థ్యాంక్స్ అండీ. 'వసంత కోకిల'లో కూడా ఉందటగా? అందులోనూ పాటేనా?

పద్మజ (చెన్నై):
పాటా ఉంది, పాత్రా ఉంది. స్కూల్ హెడ్‌మాస్టర్ పడుచు భార్య, మొగుడు ముసలాయన. కమల్‌హాసన్ మీద ఆశపడుతుంది. వీలైతే తమిళంలో చూడు, 'మూండ్రాం పిరై', 1982. దర్శకుడు బాలు మహేంద్ర కెమెరా కూడా తనే పట్టారు. పాట వచ్చేదాకా ఫార్వర్డ్ చేయకు, ముందు ఆమె కమల్‌తో మాట్లాడే సీన్లు చూడు. మీ అమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకో.