బీరువా వెనక గోడంతా నల్లబూజు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లు ఏం చూస్తారు?

మాది శ్రీకాకుళం, బలగ. ఇల్లు కట్టి ఇరవై ఏళ్లు దాటింది. మొన్న అమ్మ పట్టుచీర తీస్తే మడతల్లో నల్లచుక్కలు, బీరువా జరిపితే వెనక గోడంతా నలుపే, వేలితో రాస్తే మసిలా అంటుకుంది. అమ్మకి దగ్గు తగ్గట్లేదు, అదో టెన్షన్. విశాఖ నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చి చూసి రిపోర్టు ఇస్తామంటున్నారు. వాళ్లు నిజంగా ఏం చేస్తారు? ఈలోపు గోడ కడిగేసి రంగు వేయించేయొచ్చా? వచ్చేవారం చుట్టాలొస్తున్నారు.

విజయనగరం, తోటపాలెం నుంచి:
రంగు వేయకండి. నేను ఆ తప్పే చేశాను. వచ్చినాయన తెల్లటి గోడ చూసి "ఇంకేం చూడమంటారండీ" అని నవ్వాడు. రెండు నెలలకి మళ్లీ నల్లబడితే మళ్లీ పిలిచాను. గంటన్నర ఉన్నాడు, అందులో సగం ప్రశ్నలే: వానాకాలంలో ఎక్కువా చలికాలంలోనా, ట్యాంకు పొర్లితే నీళ్లెటు పోతాయి, ఈ గోడ అవతల ఏముంది. తర్వాత రెండు సూదులున్న చిన్న మీటర్ గోడకి కింద నుంచి పైదాకా ఆనిస్తూ అంకెలు రాసుకున్నాడు. థర్మల్ కెమెరాలో ఒక మూల నీలంగా కనిపిస్తే నేను కంగారుపడ్డాను, అది చల్లదనం మాత్రమేనట, తడో కాదో మీటర్‌తోనే తేల్చుకోవాలట. చివరికి తప్పు ఆ గదిలో లేనే లేదు, మేడమీద పిట్టగోడ శ్లాబ్‌తో కలిసేచోట బీట ఉంది.

సైట్ ఇంజనీర్‌ని, నా మాట:
బూజు కంటికి కనబడుతుంటే గాలి శాంపిల్‌కి డబ్బు తగలేయకండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా అలాంటప్పుడు చాలావరకు శాంపిల్ అక్కర్లేదనే అంటుంది. బూజు కణాలు ఎక్కడి గాలిలోనైనా ఉంటాయి, అందుకే తీస్తే ఇంటి బయట కూడా ఒకటి తీయాలి, పోల్చుకోడానికి ఏమీ లేకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు. మీటర్ కూడా అంతే. చాలావాటిలో స్కేలు చెక్క కోసం పెట్టింది, గోడలో ఉప్పు ఉంటే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి మీ ఇంట్లోనే పొడిగా ఉన్న గోడ మీద కూడా చూపించమనండి. ఇంకోటి, చూసేవాళ్లే ట్రీట్‌మెంట్ కూడా అమ్ముతారా అని ఫోన్‌లోనే అడగండి. అమ్మితే రిపోర్టు తీసుకుని పని వేరేవాళ్లకివ్వండి. గోడని పొడిగా గోకొద్దు, దుమ్ము ఇల్లంతా ఎగురుతుంది.

తాపీ పని ముప్ఫై ఏళ్లు చేశాను:
ఏటి బాబూ, ముందు పైసా ఖర్చు లేని పని చెయ్యి. గోడకి జానెడు ప్లాస్టిక్ కవరు పెట్టి నాలుగు పక్కలా టేపు గట్టిగా అంటించు, రెండ్రోజులు వదిలెయ్. గోడ వైపు చెమట పడితే నీరు గోడలోంచి వస్తున్నట్టు. గది వైపు పడితే గాలిలో చెమ్మ, కిటికీలు తియ్యి, బీరువా జానెడు ఎడంగా జరుపు.

అడిగినవాడినే:
కవరు ఈరోజు తీశాను. గోడ వైపే చెమట, చుక్కలు కట్టి కిందకి జారుతోంది. అప్పుడు వెలిగింది, ఆ గోడ అవతలే బాత్రూం షవర్. ప్లంబర్‌ని, విశాఖ కంపెనీవాళ్లనీ ఆదివారమే రమ్మన్నాను, ఇద్దరూ ఒకేసారి చూస్తే ఒకరి మీద ఒకరు నెట్టుకోరు. అమ్మకి పడక హాల్లోకి మార్చాం, దగ్గుకి రేపు డాక్టర్ దగ్గరకి. చుట్టాలొస్తే ఆ గది తలుపు వేసేస్తాను.