నూలు బట్టతో నీటి నుంచి డీజిల్‌ను వేరు చేయడం

ప్రశ్న (రొయ్యల రైతు, భీమవరం దగ్గర):
చెరువుకు నీరు తోడే ఇంజను కింద గుంటలో డీజిల్ కలిసిన నీరు నిలుస్తోంది. బోదెలోకి కారినది ఎండలో రంగురంగుల పొరగా తేలుతోంది. పాత పంచెకు కొవ్వొత్తి మైనం పట్టించి, గుంట నీటిని దానిలో వడపోస్తే డీజిల్ దిగి నీరు పైన ఆగుతుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (జౌళి రసాయన అధ్యాపకుడు, కాకినాడ):
ఆ పద్ధతి మీకు పనికిరాదండి. మైనం డీజిల్‌లో కరుగుతుంది. అంతకంటే పెద్ద చిక్కు బరువుది: లీటరు డీజిల్ సుమారు 0.83 కిలోలే కనుక నీరు అడుగున బట్ట మీద నిలిచిపోతుంది, పైన తేలే డీజిల్‌కు బట్ట అందదు. నీటిని అంటనివ్వని వడగుడ్డ క్లోరోఫాం వంటి, నీటికన్నా బరువైన ద్రవాలకే సరిపోతుంది. మీకు కావలసింది దానికి విరుద్ధమైనది. గంజి, సహజమైన మైనం పోయేలా కాస్టిక్ సోడాతో ఉడికించిన దట్టమైన నూలు బట్టను ముందే నీటిలో బాగా తడిపితే, పోగుల సందులను నీరే ఆక్రమించి డీజిల్‌ను రానివ్వదు. అయితే పైన డీజిల్ మట్టం పెరిగితే ఆ ఒత్తిడికి అదీ దిగుతుంది కనుక కొద్దికొద్దిగా పోయాలి, నీరంతా దిగకముందే ఆపాలి.

జవాబు (పాలకొల్లు):
బోదె మీది పొరకు మాత్రం నీరంటని బట్టే మేలు. గంజి తీసిన బట్టను వేడి బట్టల సబ్బు నీటిలో (డిటర్జెంట్ కాదు) నానబెట్టి, పిండి, పటిక నీటిలో ముంచి ఆరబెట్టండి. పోగుల్లో నీటికి కరగని అల్యూమినియం సబ్బు ఏర్పడుతుంది. సరిగ్గా కుదిరిందంటే నీటి బొట్టు ముత్యంలా నిలుస్తుంది, డీజిల్ బొట్టు వెంటనే ఇంకుతుంది. అందులో బూరుగు దూది కూరి దిండులా కుట్టి నీటిపై తేలనివ్వండి. ఆ దూదికి సహజంగానే మైనపు పూత ఉండడం వల్ల నీటిని వదిలి నూనెనే పీలుస్తుంది. వాడేకొద్దీ బట్ట మీది పూత తగ్గుతుంది, అప్పుడు మళ్ళీ ముంచాలి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. ఇంజనును సబ్బుపొడితో కడిగిన నీరు కూడా ఆ గుంటలోకే వస్తుంది.

జవాబు (కాకినాడ):
అది రాకుండా ముందు ఆపండి. సబ్బుపొడి డీజిల్‌ను అతి సన్నని తుంపరలుగా చీల్చి నీటిలో నిలిపేస్తుంది, అవి నేత సందుల్లోంచి సులువుగా జారిపోతాయి. అటువంటి నీటి కోసం రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను నూలుపై పూసే పరిశోధనలు జరిగాయి. మన ప్రాంతంలో పెంకులకు కొరత లేదు గానీ, ఆ తయారీకి గాఢమైన కాస్టిక్‌ను వేడిగా వాడాలి, ఇంట్లో దయచేసి ప్రయత్నించవద్దు. డీజిల్ పీల్చిన దిండ్లను మూత ఉన్న ఇనుప డబ్బాలో, నిప్పుకు దూరంగా ఉంచండి. మురుగు కాలువలో మాత్రం పారేయవద్దు.