ఎఫ్‌ఎంజీఈ డిసెంబరు సెషన్: అనాటమీ వదిలేస్తే నష్టమా? తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి

పలమనేరు_ప్రశాంతి
కిర్గిజ్‌స్థాన్‌లో మెడిసిన్ పూర్తి చేసి వచ్చాను. బాలాజీ కాలనీ హాస్టల్లో ఉండి చదువుతున్నా. విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్ళు ఇక్కడ డాక్టరుగా పని చేయాలంటే పాసవ్వాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్షకు మూడు నెలలుంది. ముందు పీఎస్‌ఎం (ప్రజారోగ్యం), గైనిక్, మెడిసిన్, సర్జరీ. తర్వాత ఈఎన్‌టీ, ఆప్తాల్ (కళ్ళు), పీడియాట్రిక్స్ (పిల్లలు). అనాటమీ (శరీర నిర్మాణం) మొత్తం వదిలేద్దామనుకుంటున్నా. 300కి 150 వస్తే పాస్, నెగటివ్ మార్కులు లేవు. ఈ ప్లాన్ సరిపోతుందా?

బైరాగిపట్టెడ_అన్న
వదిలెయ్ చెల్లీ. అనాటమీకి 17 మార్కులే. మెడిసిన్ 33, సర్జరీ 32, పీఎస్‌ఎం 30, గైనిక్ 30. ఈ నాలుగే 125. నువ్వు చెప్పిన మిగతా మూడూ తలా 15. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ మాకు మొదటి నెలంతా అనాటమీయే చెప్పింది. ఆ సారు మానేసి వెళ్ళిపోతే మిగతా సబ్జెక్టులకు రికార్డింగులు వేశారు. ఫీజు మాత్రం ముందే మొత్తం కట్టించుకున్నారు. పీఎస్‌ఎం మొదలుపెట్టేసరికి పరీక్ష నెత్తిమీదికొచ్చింది.

రుయా_నైట్‌డ్యూటీ
17 అనేది పేపర్లో ఆ పేరు కింద వచ్చేవి. భుజానికీ మోచేతికీ మధ్యనున్న ఎముక నడుమ విరిగి మణికట్టు వాలిపోయింది, ఏ నరం దెబ్బతింది అని ఆర్థోలో (ఎముకల సబ్జెక్టు) ఇస్తారు. జవాబు రేడియల్ నెర్వ్. కాన్పులో భుజం ఇరుక్కున్న బిడ్డ చెయ్యి ఎత్తడం లేదని పీడియాట్రిక్స్‌లో ఇస్తారు. జవాబు మెడ దగ్గరి సీ5, సీ6 నరాల మూలాలు. ఇవి అనాటమీ కాక ఏంటి?

నగరి_లత
నేనూ ఇదే అడగాలనుకున్నా.

బైరాగిపట్టెడ_అన్న
అవి ఆర్థో చదివేటప్పుడు ఎలాగూ వస్తాయి సార్. దానికోసం ఎంబ్రియాలజీ (పిండం ఎదుగుదల), హిస్టాలజీ (కణజాలాలు) అన్నీ కూర్చుని చదవాలా?

రుయా_నైట్‌డ్యూటీ
అన్నీ చదవమని నేనెక్కడ అన్నాను? నరాలు, రక్తనాళాలు, కపాల నాడులు చాలు. పదిహేను రోజుల పని. మీరు మొత్తం వదిలెయ్యమన్నారు.

పుత్తూరు_కిరణ్
మధ్యలో ఒక మాట. ఫోరెన్సిక్‌కి సీనియర్ల పాత నోట్సు చదవకండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నిర్లక్ష్యం వల్ల మరణం ఇప్పుడు సెక్షన్ 304ఎ కాదు, 106. పోలీసు ఇన్‌క్వెస్ట్ (అనుమానాస్పద మరణంపై విచారణ) కూడా సీఆర్‌పీసీ 174 కాదు, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194. 10 మార్కుల సబ్జెక్టు, మూడు రోజుల్లో అయిపోతుంది.

బైరాగిపట్టెడ_అన్న
పదిహేను రోజులంటే ఆమెకున్న టైములో ఆరో వంతు. 17 మార్కులకు! రుయాలో డ్యూటీ చేసే మీకు ఈ పరీక్ష రాసే అవసరమే రాలేదు. బయట చదివొచ్చిన వాళ్ళ టెన్షన్ మీకేం తెలుసు?

రుయా_నైట్‌డ్యూటీ
మా చెల్లెలు జార్జియాలో చదివింది. సగం సగం ప్రిపరేషన్‌తో రాయించారు. కొద్దిలో పోయింది. ఆ తర్వాత చుట్టాల పెళ్ళిళ్ళకు రావడం మానేసింది, పుస్తకం ముట్టడానికి భయపడింది. నాకు తెలియదనకండి.

చిత్తూరు_నాన్న
అందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాదు, ఫిలిప్పీన్స్‌లో చదివొచ్చిన పిల్లాడి తండ్రిని. మావాడు ప్రిపేర్ కాలేదని పోయిన జూన్ వదిలేశాడు. ఇప్పుడు డిసెంబరు కూడా వద్దంటున్నాడు. తోతాపురి తోట తాకట్టులో ఉంది. పాసైతేనే ఇంటర్న్‌షిప్, అదయ్యాకే లైసెన్సు, ఆ తర్వాతే ఉద్యోగం. ఆరు నెలలు ఆగితే వడ్డీ చానా అవుతుంది. చదివినకాడికి రాయనీండి సార్.

రుయా_నైట్‌డ్యూటీ
అయ్యా, మీ బాధ అర్థమైంది. కానీ ఎన్నిసార్లైనా రాయొచ్చు, పరిమితి లేదు. ఏడాదికి రెండుసార్లు పెడతారు. మూడు నెలల్లో ఆమె ప్లాన్‌లో అనాటమీకే చోటు లేదంటే జూన్‌కి వెళ్ళమనే నేను మొదట్నుంచీ చెబుతున్నది.

బైరాగిపట్టెడ_అన్న
ఆ మాట ముందే చెప్పుండాల్సింది. మనిద్దరికీ గొడవ అనాటమీ గురించి కాదన్నమాట. నేను ఒప్పుకోను. ఫెయిలైనా హాల్లో కూర్చున్న అనుభవం మిగులుతుంది.

రుయా_నైట్‌డ్యూటీ
ఫెయిలైన అనుభవం కూడా మిగులుతుంది. అది అందరూ తట్టుకోలేరు.

చిత్తూరు_నాన్న
పరీక్షకు పరిమితి లేదు సార్. బ్యాంకుకు ఉంది.

పలమనేరు_ప్రశాంతి
అన్నా, సార్, దయచేసి ఆగండి. మా నాన్నకు కూడా డిసెంబరే అని చెప్పాను. జూన్ అని ఆయన ముందు నోరెత్తలేకపోతున్నా. ఈ ఆదివారం పాత ప్రశ్నలతో 300కి మాక్ రాస్తాను. ఎంతొస్తే డిసెంబరుకి వెళ్ళొచ్చో ఒక అంకె చెప్పండి.

రుయా_నైట్‌డ్యూటీ
130. అంతకంటే తక్కువొస్తే నాన్నతో మాట్లాడమ్మా. కావాలంటే నేను ఫోన్ చేస్తాను.

బైరాగిపట్టెడ_అన్న
110 వచ్చినా రాయొచ్చు. మిగిలిన 40 మూడు నెలల్లో పీఎస్‌ఎం, చిన్న సబ్జెక్టులతో లాగొచ్చు.

చిత్తూరు_నాన్న
ఎంతొచ్చినా దాచకుండా చెప్పమ్మా. మావాడు మాకు మార్కులే చెప్పడు.

పుత్తూరు_కిరణ్
ఉదయం 9 నుంచి 11:30 దాకా 150, మధ్యాహ్నం 2 నుంచి 4:30 దాకా 150. అసలు పరీక్ష టైముకే రాయి. ఫోన్ వార్డెన్‌కి ఇచ్చెయ్.