మగవాళ్ళే ఆడిన ‘ట్వెల్త్ నైట్’ వీడియో: పాత పద్ధతా, ఆడవాళ్ళ వేషాలు లాక్కోవడమా?

మూడోగంట:
లండన్ గ్లోబ్ థియేటర్‌లో 2012లో ఆడుతుండగా షూట్ చేసిన ‘ట్వెల్త్ నైట్’ ఆదివారం రెండోసారి చూశాను. షేక్‌స్పియర్ కామెడీ, అన్ని వేషాలూ మగవాళ్ళే. ఒలీవియాగా మార్క్ రైలన్స్, ఆవిడ ఇంటి వ్యవహారాలు చూసే మల్వోలియోగా స్టీఫెన్ ఫ్రై. కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: ఓడ మునిగి ఒడ్డుకు చేరిన వయోలా మగవేషం కట్టి డ్యూక్ దగ్గర కొలువులో చేరుతుంది. ఆయన ప్రేమ రాయబారం మోసుకుని ఒలీవియా ఇంటికి వెళ్తే ఆవిడ కాస్తా ఈ ‘కుర్రాడి’ మీదే మనసు పడుతుంది. తోడబుట్టినవాడు పోయాడని ఏడేళ్ళు మొహం చూపించనని ఒట్టేసుకున్న మనిషి! నల్లగౌనులో రైలన్స్ నడుస్తుంటే అడుగులు తెలియవు, కింద చక్రాలున్న బొమ్మని ఎవరో తోస్తున్నట్టు జారుతూ వస్తాడు. ఇంత బాగా ఏ నటి చేయగలదు? ఈ పాత్ర మగవాడు వేస్తేనే పండుతుందని నా ఉద్దేశం. మీరేమంటారు?

సుమతి_వి:
“ఏ నటి చేయగలదు” అనే ముందు ఎంతమంది నటీమణుల ఒలీవియాని చూశారో చెప్పండి. 2017లో లండన్ నేషనల్ థియేటర్ వాళ్ళు ఇదే నాటకంలో మల్వోలియోని మల్వోలియాగా మార్చి టామ్సిన్ గ్రెగ్‌కి ఇచ్చారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, వారం రోజులు యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టారు, నేను చూశాను. ఒలీవియా రాసిందనుకుని దొంగ ప్రేమలేఖ నమ్మి పసుపు మేజోళ్ళు తొడుక్కొచ్చే సీనులో పడీపడీ నవ్వి, ఆఖర్న అందరూ కలిసి ఆవిడని ఏడిపించింది చూశాక నవ్వినందుకు నాకే సిగ్గేసింది.

పాతరికార్డు:
చరిత్ర తెలిసి మాట్లాడితే బాగుంటుంది. ఇంగ్లండులో 1660 దాకా ఆడవాళ్ళు ఇలాంటి నాటకశాలల్లో వేషాలు వెయ్యలేదు. ఈ నాటకం 1602 ఫిబ్రవరి 2న మిడిల్ టెంపుల్ హాల్లో ఆడినట్టు అక్కడి లా విద్యార్థి ఒకడు డైరీలో రాసుకున్నాడు. సరిగ్గా 400 ఏళ్ళకి, 2002లో, గ్లోబ్ వాళ్ళు అదే హాల్లో ఆడారు. 2012లో చేసింది దాని కొనసాగింపే. పాత పద్ధతి అంటే అదీ.

సుమతి_వి:
పాత పద్ధతిలో ఆడవేషాలు వేసింది గొంతు సరిగ్గా మారని కుర్రాళ్ళు. రైలన్స్‌కి 2012లో 52 ఏళ్ళు. గౌను ఆ కాలంలోలా కుట్టేటప్పుడు గుర్తొచ్చే పాత పద్ధతి, నటుల వయసు దగ్గర ఎందుకు గుర్తురాదో.

పాతరికార్డు:
కుర్రాళ్ళంటే పన్నెండేళ్ళవాళ్ళనుకుంటున్నారా? ఇరవై దగ్గరపడ్డవాళ్ళు కూడా వేసేవారు.

కాఫీ_స్ట్రాంగ్:
ఇరవైకీ యాభై రెండుకీ తేడా ముప్ఫై రెండు సార్. లెక్కలు నాకూ వచ్చు.

గోదారిగట్టు:
అసలు వీడియోని నాటకం అనడమే తప్పు. జారుడు నడక అంటున్నారు కదా, అది కనపడాలంటే గౌను అంచు నేలకి తగులుతూ కనపడాలి. కెమెరా మొహం మీదికి వెళ్ళగానే నడక పోయింది. అక్కడ చవక టికెట్టు కొని స్టేజీ ముందు కింద నిలబడ్డవాడు ఎటు చూడాలో తనే తేల్చుకుంటాడు. ఇక్కడ ఎడిటర్ తేలుస్తాడు. దీని మీద ఒక్కరూ మాట్లాడరేం?

మూడోగంట:
వీడియో లేకపోతే ఖమ్మంలో కూర్చున్న నాకు గ్లోబ్ ఎక్కడ దొరుకుతుందండీ? స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి మా నాన్న చెప్తే వినడమే నాకు తెలుసు. “మీరజాలగలడా” అని ఎత్తుకుంటే జనం ఎలా కూర్చునేవారో ఆయన నటించి చూపించేవారు, నాకు దక్కింది అంతే. ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్న ఆ నటుడికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. సుమతి గారి లెక్కన ఆయన్నీ కొట్టేద్దామా?

సుమతి_వి:
మగవాడు వేస్తే పండదని నేనెక్కడన్నాను? మగవాడు వేస్తే*నే* పండుతుంది అన్నది మీరు.

పాతరికార్డు:
అమ్మా సుమతీ, ఆవేశపడకు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు దొరికేవారు కాదు. గత్యంతరం లేక మగవాళ్ళు వేశారు.

సుమతి_వి:
నన్ను అమ్మా అనొద్దు, నువ్వు అని అసలే అనొద్దు. సురభి నాటక సమాజం వాళ్ళు 1885లో మొదలుపెట్టారు, ఆ కుటుంబాల ఆడవాళ్ళే ఆడవేషాలు వేశారు. వెతికినవాళ్ళకి దొరికారు. నా సంగతి చెప్తాను. పదకొండేళ్ళ కిందట మా నాటక సమాజం ఒక కామెడీని పరిషత్తు పోటీకి తీసుకెళ్ళింది. ఆఫీసు అయ్యాక ఒక ఎరువుల గోడౌన్‌లో నలభై రోజులు రిహార్సల్ చేశాను. ఇంకో పది రోజులుందనగా “మగాడు చీర కడితే నవ్వులు ఎక్కువొస్తాయి” అని నా వేషం ఇంకొకాయనకి ఇచ్చి నన్ను ప్రాంప్టింగ్‌కి కూర్చోబెట్టారు. ఆయన పైట జారిన ప్రతిసారీ హాలు గొల్లుమంది. ఆయన మర్చిపోయిన డైలాగులు వింగ్‌లోంచి నేనే అందించాను. బహుమతి కూడా వచ్చింది లెండి, ఆయనకి.

కాఫీ_స్ట్రాంగ్:
అయ్యో.

మూడోగంట:
మీకు జరిగింది అన్యాయమే. కానీ మీ మాటల్లో ‘మగవాళ్ళు లాక్కున్నారు’ అని వినపడినప్పుడల్లా నాకు ఎక్కడ తగులుతుందో కూడా వినండి. మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఊరూరా తిరిగి స్త్రీ పాత్రలు వేశారు. మీసం పెంచలేదు. బజారులో వెనకనుంచి “చింతామణీ” అని పిలిచి నవ్వేవాళ్ళు. మా అక్కకి కుదిరిన సంబంధం ఒకటి ఆ కారణంగానే తప్పిపోయింది. ఆయన ఎవరి పైటా జార్చలేదు. రైలన్స్‌కి ఈ ఒలీవియాకే 2014లో అమెరికాలో నాటకాలకిచ్చే టోనీ అవార్డు ఇచ్చారని చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. అందుకే ఈ వీడియో రెండుసార్లు చూశాను, ఇంకోసారి కూడా చూస్తాను.

సుమతి_వి:
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే నేను ఇంత గట్టిగా అనేదాన్ని కాదు. రైలన్స్ కూడా ఎక్కడా చవకగా నవ్వించలేదు, ఒప్పుకుంటాను. అయినా ఈ నాటకంలో ఆడవాళ్ళకి ముఖ్యమైన వేషాలు ఒలీవియా, వయోలా, మరియా. ఉన్నవే మూడు. ఆ మూడూ మగవాళ్ళకే ఇచ్చారన్నది మీ నాన్నగారి గొప్పతనంతో చెరిగిపోదు. చూస్తూ నవ్వాను, నవ్వుతూనే కడుపు మండింది.

గోదారిగట్టు:
గౌను అంచు సంగతి ఇంకా తేలలేదు.

మూడోగంట:
తేలదు లెండి. సుమతి గారూ, ఆ పరిషత్తు నాటకంలో మీ వేషం ఏమిటి?

సుమతి_వి:
పక్కింటి పార్వతమ్మ. 84 డైలాగులు. అన్నీ ఇప్పటికీ నోటికొచ్చు.

పాతరికార్డు:
ఇందాకటి 1602 డైరీలో అతను ఒలీవియాని వితంతువు అని రాశాడు. నాటకంలో ఆవిడకి పెళ్ళే కాలేదు. నల్లబట్టలు చూసి పొరబడ్డాడేమో. ఇది ఎవరైనా గమనించారా?