సమస్యాపూరణం: చీకటి గొనగా మనుజులు చేరిరి బారుల్

నిర్వాహకుడు:
ఈ వారం పూరణకు ఇస్తున్నది కందపద్యపు నాలుగవ పాదం. మిగిలిన మూడు పాదాలను మీరు కూర్చి, దీనికి అర్థం కుదర్చాలి.

చీకటి గొనగా మనుజులు చేరిరి బారుల్

ప్రాసాక్షరం గురువు తరువాత వచ్చే కకారం. పద్యవస్తువు మన చెన్నపట్టణంలోని పాతకాలపు సినిమా హాళ్లు. వెలుతురు కోసం డబ్బు ఖర్చు చేయడం లోకంలో ఉన్నదే గాని, డబ్బిచ్చి చీకటిని కొనుక్కోవడానికి జనం ఎందుకు వరుసలు కట్టారన్నది సమస్యలోని చిక్కు. సినిమా హాలు అనగానే ఆ చిక్కు విడిపోయినట్టు అనిపిస్తుంది గనక అక్కడితో ఆగవద్దని ముందే మనవి చేస్తున్నాను. అది ఏ హాలు, ఏ వేళ, ఆ చీకటితో ఎవరికేం పని పడిందన్నది కూడా పద్యంలో పలికినప్పుడే పూరణ నిండుగా ఉంటుంది.

మింట్ వీధి సభ్యుడు:

మూకీల నాడు వెంకయ
చేకొని గెయిటీ నిలిపెను చెన్నపురమునన్
రూకలతో నా బొమ్మల
చీకటి గొనగా మనుజులు చేరిరి బారుల్.

మచిలీపట్నం నుంచి వచ్చి ఇక్కడ ఫొటోగ్రాఫరుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య గారు 1914లో మౌంట్ రోడ్డు పక్కన గెయిటీని కట్టించారు. ఆ తరువాత మా వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ కూడా ఆయన చేతి మీదుగానే వచ్చాయి. తెలుగువాడి పేరుతో మొదలుపెట్టడం న్యాయమని ఈ పూరణ రాశాను.

నిర్వాహకుడు:
మొదటి పూరణ వెంకయ్య గారి పేరుతో రావడం సంతోషం. చెన్నపట్టణంలో భారతీయుడు కట్టించిన తొలి సినిమా హాలుగా చరిత్రకారులు లెక్కించేది గెయిటీనే. దానిని మన పద్యాల్లో ఇంతవరకు ఎవరూ ముట్టుకోకపోవడం నాకు లోటుగానే ఉండేది. 'బొమ్మల చీకటి' అన్న సమాసం బాగుంది. బొమ్మ కోసమే ఆ చీకటి అన్న సంగతిని రెండు మాటల్లో చెప్పారు. రెండవ పాదంలో 'చేకొని' అన్నదానికి కర్మ వెలితిగా ఉంది. ఆయన దేనిని చేకొన్నాడని పాఠకుడు వెతుక్కోవలసి వస్తుంది. 'చేకూర్చె గెయిటి నపుడిట చెన్నపురమునన్' అంటే గణాలు సరిపోతాయి, యతి చెడదు, గెయిటి కర్మగా కుదురుకుంటుంది.

పెరంబూరు సభ్యుడు:

పాకల డేరాలందున
మేకుల గట్టిన తెరపయి మెరసిన బొమ్మల్
రాకాసి యెండ మరవగ
చీకటి గొనగా మనుజులు చేరిరి బారుల్.

నిర్వాహకుడు:
ఛందస్సు నిర్దోషంగా ఉంది, మేకులకు కట్టిన తెర కళ్లకు కడుతున్నది. అయితే రెండు చిక్కులున్నాయి. 'మెరసిన బొమ్మల్' ఏ క్రియతోనూ కలియక మధ్యలో నిలిచిపోయింది. రెండవది అంతకన్న ముఖ్యమైనది. గుడారంలో పగటి ఆట సాగదు. గుడ్డ పైకప్పు, తడికల గోడలు ఎండను ఆపలేవు గనక ప్రొద్దు గుంకి, చుట్టూ నల్లబడిన తరువాతనే తెర మీద బొమ్మ కనిపించేది. తిరుచ్చిలో రైల్వే ఉద్యోగిగా ఉండిన స్వామికన్ను విన్సెంట్ 1905లో ప్రొజెక్టరు కొనుక్కొని ఊరూరా డేరా వేసిన నాటి నుంచి, నగరం అంచుల్లో ఇసుక మీద కూర్చోబెట్టిన టూరింగు టాకీసుల దాకా ఇదే పద్ధతి. కాబట్టి ఎండ మరవడానికి డేరాకు పోయారనడం కాలానికి విరుద్ధం. అక్కడి చీకటిని ఎవరూ అమ్మలేదు, ప్రేక్షకులతో పాటు యజమాని కూడా దాని కోసం ఎదురుచూశాడు.

పెరంబూరు సభ్యుడు:
చీకటి ఊరికే దొరికే చోట దానిని కొనడానికి వచ్చారంటే చిక్కు ఇంకా బిగుస్తుంది గదా. సవరించిన పద్యాన్ని చూడండి.

పాకల డేరాలందున
మేకుల గట్టిన తెరపయి మెరుపుల జూడన్
లోకమె నల్లనిదైనను
చీకటి గొనగా మనుజులు చేరిరి బారుల్.

నిర్వాహకుడు:
ఈ సవరణతో పద్యం పూర్తిగా మారిపోయింది. 'లోకమె నల్లనిదైనను' అన్న పాదం సమస్యలోని వైరుధ్యాన్ని తప్పించుకోకుండా ఎదుర్కొన్నది. బయట అంత చీకటి ఉన్నా, లోపలి చీకటిలో మెరుపు ఉన్నది గనక దానికి వెల ఉన్నది.

మైలాపూరు సభ్యురాలు:

వేకువ పనులెల్ల ముగిసి
కోకల కొంగుల ముడిచిన కొద్ది ధనముతో
నాకలి మరచుచు మాట్నీ
చీకటి గొనగా మనుజులు చేరిరి బారుల్.

నిర్వాహకుడు:
అమ్మా, ఇంతవరకు వచ్చిన వాటిలో సమస్యకు అతి దగ్గరగా నిలిచిన పూరణ మీదే. వ్యాకరణం మాట ముందు చెప్పి, తరువాత వస్తువు దగ్గరికి వస్తాను. 'ముగిసి' అన్న క్త్వార్థానికి, అంటే ముందు జరిగిన పనిని చెప్పే అసమాపకక్రియకు, కర్త పనులు, 'చేరిరి' అన్న సమాపకక్రియకు కర్త మనుజులు. రెండింటికీ ఒకే కర్త ఉండాలి. 'పనులెల్ల ముగియ' అంటే దోషం తొలగుతుంది. అప్పుడు 'ముగియన్' చివరి నకారమైన ద్రుతం వల్ల తరువాతి 'కోకల' అన్నది 'గోకల' అవుతుంది. కకార గకారాలు ఒకే వర్గానివి గనక 'కొద్ది'తో యతికి ఇబ్బంది లేదు.

ఇక వస్తువు. గుడారానికీ కట్టడానికీ ఉన్న అసలు తేడా మాట్నీయే. గోడలు, పైకప్పు, తలుపులు ఉన్న హాలు వచ్చిన తరువాతనే మిట్టమధ్యాహ్నం వేళ చీకటిని తయారుచేయడం సాధ్యమైంది. ఆట మొదలయ్యే ముందు హాలు పనివాడు పక్క తలుపులను ఒక్కొక్కటే మూసి, వాటి మీద నల్లని మందపాటి తెరలను లాగుకుంటూ వెళ్లేవాడు. ఒక్కో తెర పడినప్పుడల్లా నేల మీది ఎండపట్టీ ఒకటి మాయమయ్యేది. చివరి పట్టీ పోగానే పిల్లల గోల అణిగేది. ఇంట్లో పదిమందికి వండి వడ్డించిన ఆడవారికి రోజు మొత్తం మీద ఎవరూ పిలవని, ఎవరి కళ్లూ పడని చోటు ఆ మూడు గంటల చీకటే. 'మాట్నీ చీకటి' అని మీరు రెండు మాటలు పక్కపక్కన పెట్టగానే ఇదంతా అందులోకి వచ్చి చేరింది.

త్యాగరాయనగర్ సభ్యుడు:
'ఆకలి మరచుచు' అన్నదాని మీద నాదొక సందేహం. మాట్నీ రెండున్నరకు గదా, భోజనాలు అయిన తరువాతనే బయలుదేరేవారు. ఆకలి ప్రసక్తి అక్కడ ఎందుకు వచ్చింది?

మైలాపూరు సభ్యురాలు:
మగవారి భోజనాలు అయ్యేవి. మా మైలాపూరులో లజ్ దగ్గరి కామధేను హాలులో మంచి బొమ్మ పడినప్పుడు ఆడవారి వరుస పన్నెండున్నరకే మొదలయ్యేది గనక, మా అమ్మ, పెద్దమ్మ అందరికీ పెట్టి, తాము తినకుండానే చెంబెడు మజ్జిగ తాగి బయలుదేరేవారు. టికెట్ల కిటికీకి చేరే దారి రెండు ఇనుప కంచెల మధ్య ఒక్క మనిషి పట్టేంత ఇరుకుగా ఉండేది. ఒకసారి లోపలికి పోతే వెనక్కి రావడం కుదరదు. కిటికీ కంత కూడా పిడికిలి పట్టేంతే ఉండేది. చిల్లర పట్టుకున్న పిడికిలి లోపలికి పోయి, చెమటకు తడిసిన పలచని రంగుకాగితంతో బయటికి వచ్చేది. ఆ వరుసలో నిలబడినవారు ఆకలి మరిచారని నేను చూసి రాసినదే గాని ప్రాస కోసం పెట్టినది కాదు.

నిర్వాహకుడు:
సందేహం తీరిందనుకుంటాను. 'ఆకలి మరచుచు' అన్నదానిని అలాగే ఉంచండి.

నుంగంబాక్కం సభ్యుడు:

ఏ కాలమైన రమ్మని
యాకాశపు నీలి వజ్ర మాహ్వానింపన్
బోకను మరచి లోపల
చీకటి గొనగా మనుజులు చేరిరి బారుల్.

మౌంట్ రోడ్డులో 1964లో వెలసిన సఫైర్ ప్రాంగణంలో సఫైర్, బ్లూ డైమండ్, ఎమరాల్డ్ అని మూడు తెరలు ఉండేవి. వాటిలో బ్లూ డైమండ్‌లో ఆటలు ఎడతెరిపి లేకుండా నడిచేవి. టికెట్టు కొన్నవారు ఎప్పుడైనా లోపలికి పోయి, ఎంతసేపైనా కూర్చోవచ్చు. నీలి వజ్రం అన్నది ఆ హాలే.

నిర్వాహకుడు:
మూడవ పాదంలో ఒక మాత్ర తక్కువైంది. 'మరచుచు' అంటే సరిపోతుంది. రెండవ పాదంలో యకారానికి, 'వజ్రము + ఆహ్వానింపన్' సంధిలోని ఆకారానికి మైత్రి ఉంది, యతి నిలిచింది. అయితే వస్తువు విషయంలో ఒక పేచీ ఉంది. ఎప్పుడు వచ్చినా లోపలికి రానిచ్చే హాలు దగ్గర బారులకు కారణం బలహీనపడుతుంది. వరుస అనేది ఆటకు ఒక వేళ ఉన్నప్పుడు పుట్టేది. కథ మధ్యలో ప్రవేశించి, చివర చూసి, మళ్లీ మొదలు చూసి, తాను వచ్చిన చోటు రాగానే లేచిపోయే ప్రేక్షకుడు ఆ హాలు సొంతం. అతని మీద పద్యం రాయాలంటే ఈ సమస్యాపాదం అడ్డుపడుతుంది. ఆ హాలుకు మీరు వేరే పద్యం, సమస్య లేకుండా, రాయాలని కోరుతున్నాను.

రాయపేట సభ్యుడు:

ఆ కవరు లమ్ము శాలయె
నాకము జూపిన దొకపుడు నగరజనులకున్
మూకాభినయము జూడగ
చీకటి గొనగా మనుజులు చేరిరి బారుల్.

వార్విక్ మేజర్ అనే ఆయన 1913లో మౌంట్ రోడ్డులో నడిపిన ఎలెక్ట్రిక్ థియేటర్ కట్టడం తరువాత తపాలా శాఖకు చేరింది. ఇప్పుడు అన్నా సాలై అని పిలిచే ఆ మౌంట్ రోడ్డులోని తపాలా కార్యాలయ ప్రాంగణంలో నేటికీ ఉన్నది. తపాలాబిళ్లలు సేకరించేవారు అక్కడికే వెళతారు.

మింట్ వీధి సభ్యుడు:
అక్కడ ప్రధానంగా దొరికేది బిళ్లలు గదా, కవరులు అనడం సబబేనా?

రాయపేట సభ్యుడు:
కొత్త బిళ్ల విడుదల రోజున ముద్ర వేసిన ప్రత్యేక కవరులను సేకరించేవారు చాలామంది ఉన్నారు. అందువల్ల ఆ మాటను మార్చనక్కరలేదని నా అభిప్రాయం.

నిర్వాహకుడు:
నాదీ అదే అభిప్రాయం. ఈ పద్యంలో నన్ను ఆకట్టుకున్నది 'శాలయె' అన్న ఏవకారం, అంటే 'అదే' అని నొక్కి చెప్పే చివరి ఎకారం. గెయిటీ పోయింది, సఫైర్ పోయింది, పురసవాక్కంలో గ్లోబ్ రాక్సీగా పేరు మార్చుకొని అది కూడా పోయింది. పద్యంలో చెప్పిన గోడలను ఇప్పుడు స్వయంగా వెళ్లి చూడగలిగినది ఈ ఒక్క పూరణకే. హాలు నిలిచింది కూడా సినిమా వల్ల కాదు, తపాలా శాఖ చేతికి పోవడం వల్ల. ఆ సంగతిని విడిగా చెప్పకుండా 'కవరు లమ్ము శాల' అన్న విశేషణంలోనే ఇమిడ్చారు. ఈ పూరణలో మార్చవలసిన అక్షరం నాకు కనిపించలేదు.