గ్లాస్ కిల్న్ ఎలిమెంట్ మళ్లీ మళ్లీ ఒకేచోట తెగిపోతోంది, తెలిసినవాళ్లు చెప్పండి

పాలకొల్లు సభ్యుడు:
పొద్దుట్నుంచీ దీంతోనే కుస్తీ పడుతున్నానండి. ఫ్యూజింగ్ కిల్న్‌లో (గాజు ముక్కల్ని కరిగించి అతికించే కరెంటు కొలిమి) ఎలిమెంట్, అంటే వేడెక్కే తీగ చుట్ట, తెగింది. మెలేసి కలిపితే ఎర్రబడుతోంది, 600 డిగ్రీలు దాటగానే మళ్లీ అక్కడే పోతోంది. షాపులో కొత్త నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిసిన హీటర్ తీగ) కాయిల్ తెచ్చి వేసినా అదే వరస. కంట్రోలర్ బాగానే ఉంది. ఆర్డర్ తాలూకు పలకలు సగంలో ఆగిపోయాయి. ఏం చెయ్యాలో చెప్పండి.

కాకినాడ సభ్యుడు:
ఎన్ని వాట్లు? తీగ ఎంత గేజి? చల్లగా ఉన్నప్పుడు ఎన్ని ఓములు? ఇవి చెప్పకుండా అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఫొటో పెట్టండి.

తణుకు సభ్యుడు:
ఎలిమెంట్ సంగతి తర్వాత, ముందు ఎర్తింగ్ చూసుకోండి. మన వైపు వానాకాలంలో ఇన్సులేషన్ ఇటుక, సెరామిక్ ఫైబర్ తేమ బాగా పీలుస్తాయి. మొదటి గంటలో బాడీకి లీకేజీ రావడం, ఆర్‌సీసీబీ (లీకేజీ వస్తే కరెంటు ఆపే స్విచ్) పడిపోవడం అందుకే. పడిపోతోందని చాలామంది దాన్ని తీసేసి డైరెక్టుగా కలిపేస్తున్నారు. ప్రాణాల మీదికొచ్చే పని అది, చెయ్యొద్దు. కిల్న్ లోపల బల్బు పెట్టి, మూత రెండు వేళ్ల సందు తెరిచి, రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి అప్పుడు పైకి తీసుకెళ్లండి. రేకు బాడీకి విడిగా ఎర్త్ తీగ ఉండాలి. మూత తెరవగానే కరెంటు ఆగే స్విచ్ కూడా ఉండాలి. ఎర్రగా ఉన్న కాయిల్‌కి ఇనుప కడ్డీ తగిలితే షాక్ కొడుతుంది.

పాలకొల్లు సభ్యుడు:
ఎర్త్ ఉందండి, ట్రిప్ అవ్వడం లేదు. 3 కిలోవాట్లు, సింగిల్ ఫేజు. లోపల 40 సెంటీమీటర్ల చదరం, గోడ చుట్టూ మూడు వరసల గాడి. ఓములు చూడలేదు.

భీమవరం సభ్యుడు:
సాయంత్రం పూట కాలుస్తున్నారా? చెరువుల ఏరేటర్లు తిరిగే టైముకి మా వైపు వోల్టేజి 200కి దిగిపోతుంది. 230 మీద 3,000 వాట్లిచ్చే కాయిల్ 200 మీద 2,270 వాట్లే ఇస్తుంది. కిల్న్ పైకి ఎక్కదు, గంటలకొద్దీ కాలుతూనే ఉంటుంది. కాయిల్ ఓ జానెడు తగ్గించి వేసుకుంటే సరిపోతుంది.

కాకినాడ సభ్యుడు:
తగ్గించొద్దు. అర్ధరాత్రి వోల్టేజి 240కి వచ్చాక ఆ పొట్టి కాయిలే మాడిపోతుంది.

భీమవరం సభ్యుడు:
జానెడే కదండీ, పెద్ద తేడా ఏముంటుంది? నైక్రోమ్ తట్టుకుంటుంది.

రాజమండ్రి సభ్యుడు:
అసలు అది నైక్రోమ్ అవునో కాదో ముందు తేల్చండి. షాపుల్లో హీటర్ తీగ ఏదైనా నైక్రోమ్ అనే అమ్ముతారు. చల్లటి తీగకి అయస్కాంతం పెట్టి చూడండి. పట్టుకుంటే ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంథాల్ రకం. పట్టుకోకపోతే 80/20 నైక్రోమ్. ఒకే మందం తీగలో కాంథాల్‌కి రెసిస్టెన్సు మూడో వంతు ఎక్కువ, కాబట్టి ఒకదాని కొలతతో రెండోది వేస్తే వాట్లు తప్పుతాయి. నైక్రోమ్ 1200 వరకు తట్టుకుంటుంది, కాంథాల్ ఏ-1 1400 వరకు. గాజు ఫ్యూజింగ్ 850 దాటదు కాబట్టి రెండింట్లో ఏదైనా ఏళ్ల తరబడి రావాలి. ఒకేచోట పోతోందంటే జబ్బు తీగలో లేదు, ఆ చోటులో ఉంది. పాలకొల్లు వారూ, అక్కడ గాడి ఎలా ఉంది? ఏదైనా రిపేరు చేశారా?

పాలకొల్లు సభ్యుడు:
అయస్కాంతం పట్టుకుంది. ఆ మూల గాడి పెచ్చు ఊడిపోతే ఇటుక ముక్క చెక్కి పెట్టాను, ఫైర్ సిమెంటుతో అంటించాను. గట్టిగానే ఉందండి, కదలట్లేదు. కాయిల్ బయటికి రాకుండా జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) కట్టాను.

రాజమండ్రి సభ్యుడు:
ఇటుక ముక్క అంటే మామూలు ఎర్ర ఇటుకేనా?

పాలకొల్లు సభ్యుడు:
అవును, లంక మట్టి ఇటుక. అదీ బట్టీలో కాలిందే కదా అని.

రాజమండ్రి సభ్యుడు:
దొరికింది. కాంథాల్ బతికేది పైనున్న అల్యూమినా పొర వల్ల. బూడిద రంగులో సన్నగా కనపడుతుంది చూడండి, అదే. మన ఇటుకకి ఆ ఎరుపు వచ్చేది ఐరన్ ఆక్సైడు వల్ల. ఎలిమెంట్ ఆనే ఇటుకలో అది ఒక శాతం లోపే ఉండాలి. ఎక్కువుంటే వేడిలో ఆ పొరని తినేస్తుంది. ఫైర్ సిమెంటులో సోడియం సిలికేటు ఉంటే అదీ అంతే. జీఐ తీగ మీది జింకు, తుప్పు కూడా దానికి శత్రువులే. మూడూ ఒకే మూలలో పెట్టారు. తెగిన కొన దగ్గర నల్లగా పొక్కులొచ్చి, తీగ సన్నబడి ఉంటుంది, చూడండి.

ఆ ముక్క, సిమెంటు మొత్తం గీకేయండి. మూతికి ఎన్95 మాస్కు పెట్టుకోండి, ఫైబర్ దుమ్ము మంచిది కాదు. తెల్లటి 23 గ్రేడు హాట్ ఫేస్ (నేరుగా వేడి తగిలేచోట వాడే) ఇన్సులేషన్ ఇటుక తెచ్చి హ్యాక్సా బ్లేడుతో అదే గాడి కోసుకోండి. అంటించొద్దు, బిగుతుగా కూర్చునేలా చెయ్యండి. కాయిల్‌ని పట్టడానికి కాంథాల్ తీగతోనే యూ పిన్నులు చేసి ఇటుకలోకి ఏటవాలుగా గుచ్చండి. గాడిలో గాజు తునకలు, కిల్న్ వాష్ (గాజు అంటుకోకుండా అరలకి పూసేది) పొడి ఉంటే వాక్యూమ్‌తో లాగేయండి. కరిగిన గాజు అంటుకున్నచోట కూడా తీగ ఇలాగే పోతుంది.

పాత కాయిల్‌ని మళ్లీ మెలెయ్యొద్దు. ఒకసారి ఎర్రగా కాలిన కాంథాల్ చల్లారాక పెళుసుగా ఉంటుంది, వంచితే పుటుక్కుమంటుంది. తప్పదంటే కరెంటు తీసేసి, గ్యాస్ టార్చితో ఎర్రగా చేసి అప్పుడు వంచాలి. ఇక కొత్తదాని లెక్క: 230 వోల్టులకి 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు, సుమారు 17.6 ఓములు. 16 గేజి కాంథాల్ మీటరుకి దాదాపు 0.7 ఓము, అంటే 25 మీటర్లు, తోకలకి (గోడలోంచి బయటికి వచ్చే కొనలకి) ఇంకో మీటరు. వాట్లని తీగ ఉపరితలంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకి 2.3 వస్తుంది, బాగుంటుంది. 18 గేజి అయితే 14 మీటర్లే పడుతుంది కానీ అదే లెక్క 5 దాటుతుంది, ఎక్కువ కాలం రాదు. జానెడు తగ్గించమన్నవారికీ ఇదే జవాబు: తీగ తగ్గితే వాట్లు పెరుగుతాయి, వాటిని మోసే ఉపరితలం తగ్గుతుంది.

6 మిల్లీమీటర్ల కడ్డీ మీద దగ్గరగా చుడితే కాయిల్ 1.7 మీటర్లు వస్తుంది. మీ గాడి మొత్తం 4.8 మీటర్లు, అంటే 2.8 రెట్లు సాగదియ్యాలి. రెండు రెట్లకీ మూడు రెట్లకీ మధ్య ఉంటే మంచిది. ఒక్క చివరినుంచి లాగితే అటువైపు చుట్లు విడిపోయి ఇటువైపు ముద్దగా ఉండిపోతాయి. ముద్దగా ఉన్నచోట వేడెక్కి మళ్లీ తెగుతుంది. మధ్యలో గుర్తు పెట్టి, ఒక్కో సగం విడిగా సాగదీసి కొలుచుకోండి. బిగించే ముందు మల్టీమీటరు పెట్టండి. వేడెక్కినా కాంథాల్ రెసిస్టెన్సు నాలుగు శాతం మించి మారదు, చల్లటి కొలత చాలు.

తోకలు రెండు పేటలు చేసి మెలేసి పింగాణీ బుష్‌లోంచి బయటికి తియ్యండి, అప్పుడు గోడలో తక్కువ వేడెక్కుతాయి. బయట స్టెయిన్‌లెస్ బోల్టు, వాషర్లు బిగించండి. అక్కడికి వచ్చే రాగి తీగకి పీవీసీ పనికిరాదు, ఫైబర్ గ్లాస్ తొడుగున్నది వాడండి. రెండు కాల్పులయ్యాక బోల్టు మళ్లీ బిగించాలి.

తణుకు సభ్యుడు:
కంట్రోలర్‌లో ఎస్ఎస్ఆర్ (కదిలే భాగాల్లేని ఎలక్ట్రానిక్ రిలే) ఒక్కటే ఉందా? అది పోయేటప్పుడు ఎక్కువగా షార్ట్ అయ్యే పోతుంది, కరెంటు ఆగదు. వెనక కాంటాక్టర్ (లైను తెంచే పెద్ద రిలే) కూడా ఉండాలి. దీని గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

కాకినాడ సభ్యుడు:
అది వేరే చర్చ. కొత్త కాయిల్‌ని గాజు పెట్టకుండా ఖాళీగా కాల్చాలి, అది చెప్పలేదు మీరు.

రాజమండ్రి సభ్యుడు:
నిజమే. కిల్న్ అంత వేడికి కట్టిందయితే 1050 దగ్గర ఏడెనిమిది గంటలు, గాలి ఆడేలా బిలం తెరిచి ఉంచాలి. అప్పుడే పొర గట్టిగా కడుతుంది.

పాలకొల్లు సభ్యుడు:
పెచ్చు తీసి చూశానండి, తీగ మీద నల్ల పొక్కులున్నాయి. తెల్ల ఇటుక రాజమండ్రిలో దొరుకుతుందన్నారు, రేపు వెళ్తాను. థాంక్సండీ.

భీమవరం సభ్యుడు:
మరి 200 వోల్టుల సంగతేంటి? స్టెబిలైజర్ పెడితే 3 కిలోవాట్లకి ఎంత కేవీఏది తీసుకోవాలి?