మిషన్ హాస్టల్‌లో సీటు: సాయమా, ఎరా?

కొర్లగుంట:
అందరికీ నమస్తే. మా అక్కావాళ్లది బంగారుపాళ్యం దగ్గర పల్లె, మామిడి తోటల్లో కూలి పని. అక్క కూతురికి ఐదో తరగతి అయిపోయింది. ఒక క్రైస్తవ మిషన్ హాస్టల్ వాళ్లు ఆరో తరగతికి సీటు ఇస్తామన్నారు. తిండి, బట్టలు, పుస్తకాలు, జ్వరమొస్తే ఆస్పత్రి ఖర్చు, అన్నీ వాళ్లవే. పొద్దునా సాయంత్రం ప్రార్థనలో కూర్చోవాలి. ఫోటో తీసి విదేశంలో ఉండే దాతకు పంపిస్తారు. బావ ససేమిరా అంటున్నాడు. "అన్నానికి బిడ్డను అమ్ముకోమంటావా?" అని అక్క మీద అరిచాడు. ఇంట్లో రెండు రోజులుగా పొయ్యి సరిగా వెలగలేదు. నాకు ఎటూ తేలడం లేదు. మీరేమంటారు?

బైరాగిపట్టెడ:
బావగారిదే న్యాయం. పదేళ్ల పిల్లకు ఏం తెలుస్తుంది? అన్నం పెట్టినవాళ్లు ఎవరిని మొక్కమంటే వాళ్లను మొక్కుతుంది. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచారానికి స్వేచ్ఛ ఇచ్చిన మాట నిజమే. కానీ ప్రచారం చేసుకునే హక్కంటే ఎదుటివాళ్ల మతం మార్చే హక్కు కాదని స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. పెద్దవాళ్లు ఆలోచించుకుని మారితే వాళ్లిష్టం. చిన్నపిల్లల దగ్గర ఎందుకు?
సాయం చేసేది మిషన్లొక్కటే కాదు కదా. తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రి, ఎముకల ఆస్పత్రి బర్డ్, పిల్లల గుండె ఆపరేషన్లు చేసే పద్మావతి హృదయాలయం, అనాథ పిల్లల బాలమందిరం, అన్నీ టీటీడీ పెట్టినవే. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి, హాస్టల్‌తో సహా ఉచితం. ముందు అక్కడ అప్లికేషన్ పెట్టండి.

గుడిపాల నర్సు:
కస్తూర్బా మాట మంచిదన్నా, తప్పకుండా ప్రయత్నించండి. కానీ "ఎర" అన్న మాట చదివి మనసు చివుక్కుమంది.
మా అవ్వకు పెళ్లయిన కొత్తలో క్షయ వచ్చింది. అత్తగారింట్లో పశువుల కొట్టంలో పడుకోబెట్టి, అన్నం దూరం నుంచి పెట్టేవాళ్లు. ఆమెను చేర్చుకున్నది మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం. ఆ క్షయ ఆస్పత్రిని, అంటే శానిటోరియాన్ని, 1912లో పలు మిషన్లు కలిసి మొదలుపెట్టాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ మొదటి సూపరింటెండెంట్. అప్పట్లో క్షయకు మందే లేదు, మంచి గాలి, తిండి, విశ్రాంతి, అంతే. అవ్వ కాలానికి సూదులొచ్చాయి. ఏడాది పైగా ఉండి నయమై వచ్చింది. అక్కడ రోజూ ప్రార్థన విన్న మనిషే, చనిపోయేదాకా ఏటా గంగమ్మకు అంబలి పోసింది. ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న ఎనామిల్ పళ్లెం అంచు పెచ్చులూడినా అందులోనే తినేది. ఆ పళ్లెంలో తనతో కలిసి తినమని నన్ను పిలిచేది.
వేలూరు సీఎంసీ మిషన్ ఆస్పత్రి సంగతి మీకు తెలిసిందే. మగ డాక్టర్‌ను రానివ్వక ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్లు కాన్పులో చనిపోవడం చూసి, మిషనరీ డాక్టర్ కూతురు ఐడా స్కడర్ అమెరికాలో డాక్టర్ చదివి 1900లో తిరిగొచ్చింది. 1918లో ఆడవాళ్ల కోసం వైద్య పాఠశాల తెరిచింది. ఈరోజుకీ తిరుమలలో గుండు చేయించుకుని నేరుగా వేలూరు ఓపీ లైన్లోకి వచ్చేవాళ్లు ఎంతమందో! వాళ్లెవరూ మతం మారి వెళ్లడం లేదు.

పీలేరు:
నేను అలాంటి హాస్టల్లో ఆరేళ్లు ఉన్నాను. పేరు చెప్పను. ప్రార్థన నాకు భారమనిపించలేదు, కళ్లు మూసుకుని ఇంటిని తలుచుకునేవాణ్ని. భారమైంది దాతకు రాసే ఉత్తరం.
డిసెంబర్‌లో వార్డెన్ బోర్డు మీద ఉత్తరం రాసేది, మేం చూసి రాసుకోవాలి. ఫోటో రోజున మంచి నీలం చొక్కా ఒకటే ఉండేది. ముందువాడు విప్పితే తర్వాతివాడు తొడుక్కోవాలి, నా వంతు వచ్చేసరికి చంకల్లో తడిగా ఉండేది. ఒక ఏడు మా నాన్న ఆస్పత్రిలో ఉన్నాడని సొంతంగా ఒక వాక్యం రాశాను. "దాత బాధపడతారు" అని కొట్టేయించారు. తొమ్మిదో తరగతి మధ్యలో ఆ దాత డబ్బు ఆపేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నేనేం తప్పు రాశానా అని పాత ఉత్తరాలన్నీ గుర్తు చేసుకుంటూ రాత్రుళ్లు నిద్రపోలేదు. పదో తరగతి పరీక్ష ఫీజు ఆ వార్డెనమ్మే తన జీతంలోంచి కట్టింది. ఇదీ చెప్పాలి.
నా ఒక్కడి కథే కాదు. కంపాషన్ ఇంటర్నేషనల్ అనే పెద్ద సంస్థకు 2016లో కేంద్రం, ఇక్కడికి డబ్బు పంపాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలని నిబంధన పెట్టింది, 2017 మార్చిలో అది మన దేశంలో పని ఆపేసింది. అప్పటికి దాని సాయంతో చదువుతున్న పిల్లలు దాదాపు 1,45,000 మంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు పంపకూడదు, పెద్ద సంస్థల మీద ఆధారపడిన చిన్న హాస్టళ్లకు దారి మూసుకుపోయింది. తప్పు ఎవరిదైనా కావచ్చు, మధ్యలో చదువు ఆగేది పిల్లలది. ఆరోగ్యవరంలో అవ్వ ఎవరికీ ఉత్తరం రాయాల్సిన పని లేకపోయింది చూడండి, డబ్బు ఆస్పత్రికి వచ్చేది, ఆమె పేరు మీద కాదు. పిల్లలకూ అలాగే ఉండాలని నా పట్టు.
అందుకని అడగండి: దాత మానేస్తే పదో తరగతి దాకా ఎవరు భరిస్తారు? ప్రార్థనకు రానని పిల్ల అంటే ఏం చేస్తారు? ఇంకోటి, మీరు ఎస్సీలైతే ఫారంలో మతం కాలమ్ జాగ్రత్త. క్రైస్తవంలోకి మారితే మన రాష్ట్రంలో ఎస్సీ కాకుండా బీసీ-సి కింద లెక్క. అక్క చదివించుకున్నాకే సంతకం పెట్టాలి.

బైరాగిపట్టెడ:
ఉత్తరాల సంగతి నాకు తెలియదు తమ్ముడూ. పిల్లలకు ప్రార్థన తప్పనిసరి చేయకూడదన్న నా మాట మాత్రం మారదు. అయితే నీ ఫీజు కట్టిన ఆ తల్లి ఎర వేసిందని అనలేను.

కొర్లగుంట:
ఈరోజు ఫోన్ చేశాను. ప్రార్థనకు రాకపోయినా అన్నం పెడతామన్నారు. మతం కాలమ్‌లో ఇంట్లోవాళ్లు చెప్పిందే రాస్తామన్నారు. దాత మానేస్తే ఎవరు కడతారని అడిగితే కాసేపు మాట్లాడలేదు, పెద్దవాళ్లను కనుక్కుని చెబుతామన్నారు. కస్తూర్బాకు కూడా అప్లికేషన్ పెట్టాం. రాత్రి బావ ఆ హాస్టల్ ఫారం తెచ్చి నా ముందు పెట్టి, ఒక్కో గడి మీద వేలు పెట్టి చదవమన్నాడు. పిల్ల పక్కనే కూర్చుని వింది.